డబ్బాలో నిలవ ఉన్న ఓడ వేళ

ఒకావిడ తన పెద్దక్క అంత్యక్రియలకు అందలేకపోయింది. దానికి కారణం నేనని ఆవిడకు చెప్పడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

మా దీవులకు సముద్రం అడుగున ఇంటర్నెట్ కేబుల్ ఇంకా రాని రోజులవి. అబర్డీన్ బజార్‌లో ఒక మేడ మీద నాకు తొమ్మిది కంప్యూటర్ల ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. తొమ్మిదింటికీ కలిపి ఉపగ్రహం నుంచి వచ్చే సన్నటి లైను ఒక్కటే. “ఏం భయ్యా, ఈ పేజీ డిగ్లీపూర్ నుంచి నడిచొస్తందా?” అని, దీవుల ఉత్తరపు కొసన ఉన్న ఆ ఊరి పేరెత్తి ఒక ఆఫీసు గుమాస్తా రోజూ ఎగతాళి చేసేవాడు. ఆ మాట పడలేక ప్రాక్సీ పెట్టాను. అది మధ్యలో ఉండే మరో కంప్యూటర్. ఒకసారి వచ్చిన పేజీని దాచుకుని, ఇంకెవరైనా అదే అడిగితే ఆకాశం దాకా పోకుండా తనే ఇచ్చేస్తుంది. మేం దాన్ని డబ్బా అనేవాళ్ళం.

ఈ పని నాకెవరూ నేర్పలేదు. కొలిచి, లెక్క వేసి, తప్పు చేసి నేర్చుకున్నాను. డబ్బాకు సామాను కొన్నప్పుడు మాత్రం ఆ లెక్కే వేయలేదు. ఓడ వచ్చినప్పుడు ఉల్లిపాయలు బస్తాతో కొనిపెట్టుకోవడం మా దీవుల అలవాటు. మళ్ళీ ఓడ ఎప్పుడొస్తుందో తెలియదు కదా. డిస్కునూ అలాగే కొన్నాను. చెన్నై నుంచి ఏకంగా ఒక టెరాబైటుది తెప్పించాను. ర్యామ్ మాత్రం నాలుగు గిగాబైట్లే.

మూడు నెలలు బాగానే నడిచింది. తర్వాత డబ్బా లేనప్పటి కన్నా నెమ్మదించింది. ఏ పేజీ డిస్కులో ఎక్కడుందో చెప్పే పట్టిక ర్యామ్‌లో ఉండాలి. డిస్కు నిండే కొద్దీ ఆ పట్టిక పెరుగుతుంది. ఒక గిగాబైటు డిస్కుకు సుమారు పద్నాలుగు మెగాబైట్ల ర్యామ్ కావాలి. అంటే వెయ్యి గిగాబైట్లకు పద్నాలుగు వేలు. నా దగ్గరున్నవి నాలుగు వేలు. కొనకముందే నోటితో చేయగలిగిన గుణకారం అది. డిస్కులో రెండు వందల గిగాబైట్లే వాడమని సెట్ చేసి మిగతాది ఖాళీగా వదిలేశాను. ఆ ఖాళీ తలుచుకుంటే ప్రాణం ఉసూరుమనేది.

వేగం తిరిగి వచ్చింది. కానీ వంద పేజీలు అడిగితే డబ్బా సొంతంగా ఇస్తున్నవి ముప్పై ఒకటే. ఆ అంకె పెంచాలని పంతం పట్టాను. దాచిన పేజీ ఇంకా తాజాదేనా అని డబ్బా మాటిమాటికీ అసలు సైటును అడుగుతుంది, ప్రతిసారీ లైను మీద భారమే. ఒక రోజు దాకా అడగనే వద్దని డబ్బా సెట్టింగుల్లో ఒక్క వరుస రాశాను. వారంలో అంకె యాభై ఎనిమిదికి చేరింది. గుమాస్తా నోరు మూతపడింది. నేను రోజుకు నాలుగుసార్లు ఆ అంకె చూసుకుని మురిసేవాణ్ణి.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం, మా తెలుగు చర్చిలో పాటలు పాడే ఆవిడ తడిసి ముద్దై మెట్లెక్కి వచ్చింది.

“తమ్ముడూ, డిగ్లీపూర్‌లో మా పెద్దక్క పోనాది. నన్ను పెంచింది ఆవిడే. రేపు మధ్యాహ్నం మట్టి చేసెస్తారంట. తెల్లారుజామున బస్సు ఎల్లిపోనాది. ఓడ ఎన్ని గంటలకో జరా దేఖో.”

“రాత్రి తొమ్మిదికి అక్కా.”

“పక్కానా? జెట్టీకి ఫోన్ చేస్తంటే ఎంగేజే వొస్తంది. ఈ గాలి చూస్తే భయమేస్తంది.”

“ఇదిగో, తెర మీద ఉంది కదా. ఇంటికెళ్ళి రెండు మెతుకులు తిని బయల్దేరు. చావు కబురంటే జెట్టీలోనే టికెట్ ఇచ్చేస్తారు.”

ఆవిడ ఆరున్నరకు ఫీనిక్స్ బే జెట్టీ చేరేసరికి ఓడ లేదు. మూడున్నరకే వెళ్ళిపోయింది. సముద్రం బాగాలేదని వేళ ముందుకు జరిపి, ఆ సంగతి ఓడ ఆఫీసువాళ్ళు ఉదయం పదింటికే తమ సైటులో పెట్టారు. నా డబ్బా ముందురోజు సాయంత్రం దాచుకున్న పేజీ చూపించింది. ఆవిడ మర్నాడు తెల్లవారుజామున బస్సెక్కి సాయంత్రానికి చేరింది. అప్పటికి అంతా అయిపోయింది.

కబురు విన్న రోజే, ఏ పేజీ ఎక్కణ్ణుంచి ఇచ్చిందో డబ్బా రాసుకునే లాగ్ తెరిచి చూశాను. ఆ పేజీ లైను మీద నుంచి రాలేదని, నిలవలోంచే ఇచ్చిందని స్పష్టంగా ఉంది. నేను రాసిన వరుస వెంటనే తీసేశాను. ఆవిడ దగ్గరికి మాత్రం వెళ్ళలేదు.

పదకొండో రోజు ఆవిడే వచ్చింది. “ఓడ ఆఫీసోళ్ళు తప్పు టైము పెట్టినారు తమ్ముడూ. హిందీలో గట్టిగా ఒక కంప్లైంట్ కొట్టు. నేను సంతకం పెడతాను.”

రెండు వాక్యాలు కొట్టి ఆగిపోయాను.

“అక్కా, వాళ్ళు సరైన టైమే పెట్టారు. నీకు నేను చూపించింది ముందురోజు పేజీ.”

“అదేటి? అది పాతదని నీ డబ్బాకి తెలీదా?”

“కనుక్కునేదే. అడగొద్దని నేనే చెప్పాను.”

“ఎందుకూ?”

వేగం కోసమని గొణిగాను. తిడుతుందనుకున్నాను.

“నా పేరు చెప్పి మట్టి ఎవరేసినారో కూడా తెలీదు” అంది. “ఆ కాగితం తీసెయ్. వాళ్ళ మీద ఎందుకూ.”

తీసేశాను. ఆదివారాలు చర్చిలో ఆవిడ ఎప్పటిలాగే పలకరించేది. ఓడ వేళ మాత్రం మళ్ళీ నన్ను అడగలేదు. వానైనా ఎండైనా ఫీనిక్స్ బే దాకా తనే నడిచి వెళ్ళి కనుక్కునేది.