మామ్మగారు బతికే ఉన్నారండీ!

ఆ రోజుల్లో బీకాం ఫస్టు క్లాసులో పాసైన ఆడపిల్లకి బందరులో దొరికిన గౌరవం ఆ తరవాత జీవితంలో ఇంకెక్కడా దొరకదు. ఇంటి ఓనరుగారి ఇన్సూరెన్సు కాయితం దగ్గర్నుంచి పాలాయన రేషన్ కార్డు దాకా వీధి వీధంతా నాకే తెచ్చి చూపించేది. నేనూ తెలిసినా తెలియకపోయినా కళ్ళజోడు సవరించుకుని (చూపు శుభ్రంగానే ఉండేది, జోడు హోదా కోసం) ఏదో ఒకటి చెప్పి పంపేదాన్ని. ఆ ధీమాతోనే కోనేరు సెంటరు దగ్గర ఒక ఆడిటరుగారి ఆఫీసులో అసిస్టెంటుగా చేరాను.

చేరిన కొత్తల్లోనే ఒకరోజు నాగాయలంక నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. నేత చీర, చేతిలో ప్లాస్టిక్ బుట్ట, బుట్టలో కాయితాలు, వాటి మీద బరువుకి నాలుగు వంకాయలు. అమెరికాలో ఏళ్ళ తరబడి ఆసుపత్రి నర్సుగా చేసి, అక్కడి పౌరసత్వం తీసుకుని, రిటైరయ్యాక పుట్టిన ఊరికి వచ్చేసిన మనిషి. ఊళ్ళో అందరికీ అమెరికా మామ్మగారు. కుర్చీలో కూర్చుంటూనే, "అమ్మాయ్, పాస్‌పోర్టేమో అక్కడిది, ఉండేదేమో దివిసీమలో. పన్ను లెక్క ఎక్కడ చెప్పాలి?" అన్నారు. "ఎక్కడుంటే అక్కడేనండీ, అమెరికాతో మీకింక పనే లేదు" అన్నాను, కనీసం పుస్తకం వైపు చూడకుండా. లోపలి గదిలోంచి మా సారు దగ్గారు. (ఆ దగ్గుకి 'కాసేపు ఊరుకోమ్మా' అని అర్థం.) బయటికొచ్చి ఆవిడ ఎదురుగా కూర్చుని, "అమెరికావాళ్ళు తమ పౌరులు ఎక్కడున్నా లెక్క అడుగుతారండీ. మనవాళ్ళేమో ఇక్కడ ఉన్నందుకు అడుగుతారు. రెండు చోట్లా చెప్పాల్సిందే. ఒకే ఆదాయానికి రెండుసార్లు నిండా కట్టక్కర్లేదు, దానికి ఒప్పందం ఉంది. మీ పెన్షన్ మీద పన్ను వాళ్ళది, ఇక్కడి బ్యాంకు వడ్డీ మాత్రం ఇద్దరికీ చూపిద్దాం" అని నిదానంగా చెప్పారు. నేను పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాను. అవసరానికి మించే చెక్కాను.

"పన్ను సంగతి సరేనండీ, ఆ పెన్షనే ఆగిపోయింది కదా!" అన్నారు మామ్మగారు. బయటి దేశాల్లో ఉండే పెన్షనర్లకి అప్పుడప్పుడూ 'మీరు బతికే ఉన్నారా?' అని అడుగుతూ ఒక కాయితం వస్తుందట. సంతకం పెట్టి పంపాలి. ఈసారి అది ఆవిడ మొదట్లో రాసిచ్చిన గుడివాడలోని తమ్ముడిగారి పాత అడ్రసుకి వెళ్ళింది. ఆయన ఇల్లు మారిపోవడంతో వచ్చిన దారినే తిరిగిపోయింది. జవాబు లేదు కాబట్టి మనిషి లేదనుకున్నారు. "మా తమ్ముడు బంగారం. వచ్చి మాతోనే ఉండవే అక్కా అంటాడు. మా మరదలు మాత్రం నేను కాఫీలో పంచదార వేసుకున్నప్పుడల్లా చెంచా వైపు చూస్తుద్ది. ఈ పెన్షన్ రాకపోతే ఆ చెంచా కిందికే వెళ్ళాలి నేను" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, వంకాయలు పక్కన పెట్టి బ్యాంకు పుస్తకం తీసి సారు ముందుకి జరిపారు.

మనవైపు అమెరికా పెన్షన్లు చూసే ఆఫీసు ఫిలిప్పీన్స్ దేశంలో, మనీలాలో ఉందని సారు కనుక్కున్నారు. "నీకు ఇంగ్లీషొచ్చుగా, నువ్వే మాట్లాడు" అని మమ్మల్ని ఎదురుగా ఉన్న ఐఎస్‌డీ బూత్‌కి పంపారు. అద్దాల గదిలో ఇద్దరం పడితే తలుపు పడలేదు. అందువల్ల లైన్లో నిలబడ్డవాళ్ళందరూ మా సంభాషణలో సభ్యులైపోయారు. అవతల ఎవరో ఆఫీసరు పలికాడు. నేను రాసుకొచ్చిన ఇంగ్లీషంతా ఎగిరిపోయి, "మేడమ్ ఈజ్ ఎలైవ్ సర్, వెరీ ఎలైవ్" అన్నాను. ఆయన ఆవిడకే ఫోన్ ఇమ్మన్నాడు. పుట్టినరోజు అడిగాడు. మామ్మగారు చెయ్యి అడ్డం పెట్టుకుని నా వైపు తిరిగి, "ఏది చెప్పనమ్మాయ్? అసలుదా, బళ్ళో వేయించిందా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే లైన్లోంచి ఒకాయన, "బళ్ళోదేనండీ, సర్టిఫికెట్టుకి మించిన నిజం లేదు" అన్నాడు. వెనకావిడ ఒప్పుకోలేదు. "గవర్నమెంటుతో అబద్ధమేంటండీ, మన గవర్నమెంటు కూడా కాదు!" మామ్మగారు ఇద్దర్నీ చేత్తోనే ఊరుకోబెట్టి, రెండు తేదీలూ చెప్పి, మీ కాయితంలో ఏది ఉంటే అది నాదే అన్నారు ఇంగ్లీషులో. ఆయన నవ్వలేదు. మీరు మీరేనని నమ్మేదెలా అన్నాడు కాబోలు, ఆవిడ మొహం చిన్నబోయింది. రిసీవరు చెవికి గట్టిగా ఆనించుకుని అతని యాసే విన్నారు. తరవాత ఉన్నట్టుండి, "కుముస్తా కా?" అన్నారు.

అది వాళ్ళ భాషలో 'ఎలా ఉన్నావు' అనట. ఆవిడ వార్డులో సగం మంది నర్సులు ఆ దేశం పిల్లలే. అన్నం పంచుకుంటూ నేర్చుకున్న మాటలు. అవతల నుంచి బూత్ బయటికి కూడా వినిపించేంత నవ్వు. ఇక అరగంట వాళ్ళిద్దరూ ఏ ఆసుపత్రి, ఏ వార్డు, ఎవరెవరు అనుకుంటూనే ఉన్నారు. అతని పిన్ని కూడా నర్సేనట. ఆ కబుర్ల మధ్యలోనే ప్రశ్నలన్నీ అడిగేశాడు, ఈవిడా చెప్పేశారు. కొత్త అడ్రసుకి కాయితం పంపుతాను, సంతకం చేసి పంపండి, ఆగినవి కూడా వస్తాయన్నాడు. బూత్ ఓనరు కుర్చీలోంచి లేచి, వీధిలోకి తల పెట్టి, "మామ్మగారు బతికే ఉన్నారండీ!" అని ప్రకటించాడు. ఎందుకో తెలియని ఒకరిద్దరు "చాలా సంతోషం" అన్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "ఆకలేస్తోందమ్మాయ్. తొక్కుడు లడ్డు ఎక్కడ బావుంటుంది?" అన్నారు.

కాయితం వచ్చింది, సంతకమైంది, పెన్షనూ వచ్చింది. గుడివాడకి ఆవిడ పండగలకి మాత్రమే వెళ్ళారు.

ఇప్పుడు అలాంటి ఫోన్లు నాకే వస్తున్నాయి. పౌరసత్వం మారితే ఏమవుతుందండీ, ఇక్కడి పెన్షన్ అక్కడ తీసుకోవచ్చా అండీ అని. మొన్న మస్కట్ నుంచి ఒకాయన చేశాడు. వాళ్ళది పామర్రు దగ్గరేనట. ఎండలు, వాన, ఈ ఏటి మామిడికాయల కొరత, అన్నీ మాట్లాడుకుని హాయిగా పెట్టేశాం. పన్ను సంగతి అడగలేదని ఆయనకీ, చెప్పలేదని నాకూ ఆ తరవాత గుర్తొచ్చింది. ఇద్దరం ఒకేసారి ఫోన్ చేసుకున్నట్టున్నాం, చాలాసేపు లైను కలవలేదు.