గోనెపట్టాలు కప్పిన గాజుపెట్టె

మాది బేతంచెర్ల. ఇరవై ఏండ్లు మా ఆయన నాపరాళ్ల పాలీషు మిషను ముందరే నిలబడినాడు. ఆ రాతిదుమ్మంతా ఛాతీలోకి పోయి, ఇప్పుడు పది అడుగులేస్తే ఆయాసం. మంచం దిగడు. ఇట్లాంటి మనిషికి పామెందుకని అందరూ అడిగినారు. నేనైతే అడిగి అడిగి ఇసిగిపోయినా.

బెంగళూరులో పాములు పెంచేవాళ్లతో కాయితాలన్నీ రాయించుకొని తెప్పించినాడు. పచ్చ కొండచిలువ, లేత అరటాకు రంగు, విషం లేనిది. పగలంతా గాజుపెట్టెలో అడ్డకర్ర మీద చుట్టలు చుట్టుకొని, నడుమ తలకాయ పెట్టుకొని కదలకుండా ఉంటాది. చూసేదానికి బాగుంటాది, కాదనను. చాకిరీ చేసేదెవరు? నేను. అది ఎప్పుడూ వాన కురిసే దీవుల్లోదంట, గాలిలో తేమ లేకుంటే కుబుసం సరిగా ఊడదంట. మా ఎండకు ఉతికిన చీర గడియలో పెళపెళలాడతాది, తేమ యాడ తెచ్చేది? పొద్దున, మధ్యాన్నం, పొద్దుగూకేటప్పుడు నేనే నీళ్లు చల్లాల. బోరు నీళ్లకు గాజంతా సున్నం మరకలు, అందుకని క్యాన్ నీళ్లు. పెట్టె కడగాలంటే పామును కర్ర మీదనుంచి ఒలిచి తీయగూడదు, కర్రతో సహా ఎత్తి పక్కన పెట్టాల. నేను ఎత్తుతాంటే మంచం మీదనుంచి మెల్లగా, మెల్లగా అంటాంటాడు. ఒకసారి నా బొటనవేలు కరిచింది. ఆయన నా వేలు సంగతి అడక్కుండా, పాము పళ్లు ఇరిగినాయేమో చూడమన్నాడు. కడుపు మండి ఆ రోజు నేను అన్నం తినలేదు.

ఈ ఎండాకాలం కుబుసం దాని కండ్ల మీద అట్లే అతుక్కుపోయింది. కండ్లు పోతాయని ఆయనకు ఒకటే దిగులు. తాగే నీళ్లకుండకు తడిగోనె చుట్టే అలవాటు మాకుండాది గదా, పెట్టెకూ అట్లే గోనెపట్టాలు తడిపి నాలుగు పక్కలా కప్పినా. కుబుసం ఊడింది. ఆయన మొగంలో నవ్వు చూసి, ఉండనీలే అని పట్టాలు తీయకుండా రోజూ తడిపినా. ఆ తప్పు నాదే. గోనెలకు బూజు పట్టింది. ఆయనకు దగ్గు ముదిరి రక్తం పడింది. బూజుగాలిలోనే ఉంటే మనిషి దక్కడని కర్నూలు డాక్టరు తేల్చి చెప్పినాడు.

తడి ఉంటే బూజు తప్పదు, తడి లేకుంటే పాముకు కుదరదు. మాకుండేది ఒక గది, వంటిల్లు. పొయ్యి వేడికి వంటింట్లో పాము బతకదు. కడపలో పాములు పెంచే ఒకాయన తీసుకుంటానన్నాడు. ఆ మాట చెబితే మా ఆయన గోడ పక్కకు తిరిగినాడు. అట్లే అడిగినాడు.

"అది పోతే నువ్వు ఈ గదిలోకి ఏం పనికి వస్తావు?"

నిజమే. అన్నం పళ్లెం, మాత్రలు పెట్టి మళ్లీ నా పనికి నేను పోతాంటి. సణుక్కుంటూనో తిట్టుకుంటూనో అరగంట ఆ గదిలో ఉండింది పాము కోసమే.

అయినా పంపించేసినా. ఆయన ప్రాణం ముఖ్యం గదా. దగ్గు నిలిచింది. రోజూ ఊరికే ఆయన పక్కన కూర్చోవాలనుకున్నా. వారం రోజులు కూర్చున్నా. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలీదు. ఆ తర్వాత ఒంట్లో శక్తి లేక పని అయినచోటే, వంటింట్లోనే వాలిపోతాండా. ఈ పొద్దు కూడా ఆయన గదిలోకి ఇంకా పోలేదు. దగ్గు వినపడితే లేచి పోయేదాన్నే. ఆయన పిలవడు.