పేరు కొట్టేయని హాజరమ్మ

ఆ సర్కారు బడిలో హాజరు పట్టీలు రాసే ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. జీతం కాగితం మీద తప్ప అది ఇంకెక్కడా కనబడదు. పిల్లలకీ, టీచర్లకీ, ఆఖరికి కట్టుకున్న మొగుడిక్కూడా ఆవిడ హాజరమ్మే. ఒక పేరు ఆవిడ పట్టీలోకి ఎక్కిందంటే దాన్ని కొట్టేయించడం బ్రహ్మతరం కూడా కాదు.

ఆ బడి పిల్లల్లో సగం మంది అమ్మానాన్నలు మేడలు కట్టే కూలీలు. ఎక్కడ మేడ లేస్తుంటే అక్కడే కాపురం. పని అయిపోగానే మూటాముల్లే సర్దుకుని ఇంకో మేడకి. పిల్లల వివరాలు పైకి పంపే ఫారంలో ఇంట్లో మాట్లాడే భాష, నాన్న చేసే పని అన్నీ చకచకా నింపేసి, చిరునామా దగ్గర మాత్రం హాజరమ్మ పెన్ను ఆగిపోయేది.

"మీ ఇల్లెక్కడరా?"

"రెండో అంతస్తండీ."

"గోడలింకా లేవలేదండీ," అని పక్కనున్న పిల్ల అందించేది.

నెల దాటి రాని పిల్లల పేరు కొట్టేయొచ్చని రూలుంది. కొట్టేస్తే, ఆ పిల్ల తిరిగొచ్చినప్పుడు కాగితాలన్నీ మొదట్నుంచి తేవాలి. పాత మేడతోపాటే పోయిన కాగితాల్ని ఎవరు తెస్తారు? ఒక పిల్లయితే అవి తేలేక ఏడాదంతా కిటికీ బయట నిలబడి ఎక్కాలు నేర్చుకుంది. అప్పట్నుంచీ హాజరమ్మ ఆ రూలు జోలికి పోలేదు.

ఈ ఏడు పై ఆఫీసు నుంచి పిడుగులాంటి కాగితం దిగింది. అన్ని బడులకీ ఒకే రోజు పరీక్ష. సగటు నలభై దాటని బడిని మూసేసి, పిల్లల్ని హైవే అవతలున్న పెద్ద బడిలో కలిపేస్తారు. పట్టీలో పేరుండీ పరీక్ష రాయకపోతే సున్నా.

ఆ హైవే మీద లారీలు అంబులెన్సుకే దారివ్వవు. ఒకటో తరగతి బుడతలకిస్తాయా?

పెద్ద టీచరు కాగితం ముందేసుకుని లెక్క కట్టింది. రోజూ వచ్చేది ఎనభై అయిదు మంది. పాత పరీక్షల్ని బట్టి వాళ్ల సగటు నలభై ఎనిమిది, ఢోకా లేదు. పట్టీలో మాత్రం నూటపన్నెండు పేర్లు. ఆ ఇరవై ఏడు సున్నాలూ కలిపేసరికి సగటు ముప్పై ఆరుకి జారి కూర్చుంది.

"హాజరమ్మా, మీ దయాగుణం మన కొంప ముంచేట్టుంది. ఇరవై ఏడూ కొట్టేయండి."

"కొట్టేస్తే వాళ్ల గతేంటి మేడం?"

"ఉంచితే వీళ్ల గతేంటి? వారం టైముంది. మీ ఇష్టం."

ఇంటికొచ్చి హాజరమ్మ అన్నం కెలుకుతూ కూర్చుంది. మొగుడు సిటీ బస్సు కండక్టరు. నిండు బస్సులో కూడా జోకులేసే రకం. సంగతంతా చెప్పించుకుని విన్నాడు.

"ఏమోయ్, నీ పట్టీలో ఉన్నవాళ్లు బడిలో లేరు. నా బస్సులో ఉన్నవాళ్ల దగ్గర టికెట్లు లేవు. నేనేం చేస్తాను? ఒక్కొక్కళ్ల దగ్గరికీ వెళ్లి అడుగుతాను. నువ్వూ అడుగు."

"ఊరంతా తిరగమంటారా?"

"ఫోనెందుకుందోయ్, మీ అక్కతో నా మీద చాడీలు చెప్పడానికా?"

మర్నాడు ఆవిడ బడి వరండాలో స్టూలేసుకుని ఫోన్లు మొదలెట్టింది. కొన్ని మోగలేదు. ఒకచోట సిమెంటు కలిపే మిషను హోరులో ఒక తండ్రి "ఏ బడి? ఎవరి పిల్ల?" అని పదిసార్లు అరిచి, చివరికి "మా అమ్మాయి పేరు ఇంకా ఉందా మీ దగ్గర?" అని గొంతు తగ్గించాడు.

మూడు రోజుల్లో లెక్క తేలింది. ఆరుగురు వేరే ఊళ్లలో బడుల్లో చేరిపోయారు. ఆ ఆరు పేర్లూ హాజరమ్మ పెళ్లిపిలుపులు రాసినంత సంబరంగా కొట్టేసింది. తొమ్మిది మంది జాడ లేదు, వాళ్ల పేర్లు అలాగే ఉంచింది. మిగతా పన్నెండు మందీ ఊరి చివర కొత్త మేడల దగ్గరే ఉన్నారు, ఏ బడికీ పోకుండా.

పెద్ద టీచరు మళ్లీ లెక్కేసింది. ముప్పై ఎనిమిదిన్నర.

"ఆ పన్నెండు మందీ వచ్చి, తలా పదిహేను తెచ్చుకున్నా గట్టెక్కుతాం. కానీ వాళ్లనెవరు తెస్తారు?"

ఊరి చివరికెళ్లేది కండక్టరు బస్సే.

"నాదేమన్నా మీ బడి బస్సా?" అని ఆయన మీసం దువ్వాడు. "అయినా పట్టీలో పేరుంటే బస్సు పాసు చెల్లుతుంది. నువ్వు కొట్టేయలేదు కాబట్టి నేను దింపేయలేను. ఖర్మ!"

పరీక్ష రోజు పొద్దున్నే పన్నెండు మందీ దిగారు. ఒకడికి చెప్పుల్లేవు, ఇద్దరికి పెన్సిళ్లు లేవు, ఎవరికీ బెరుకు లేదు. ఎనభై అయిదు మందీ జరిగి చోటిచ్చారు.

నెలకి ఫలితం వచ్చింది. నలభై పాయింట్ ఏడు. బడి నిలిచింది. పెద్ద టీచరు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి, హాజరమ్మ చేతిలో పెట్టి, ముక్కు చీదుకుంటూ క్లాసులోకి వెళ్లిపోయింది.

పన్నెండు మందిలో ఏడుగురు ఇప్పుడు రోజూ ఆ బస్సులోనే వస్తున్నారు. అందరికంటే తక్కువగా తొమ్మిది మార్కులొచ్చిన నాలుగో తరగతి పిల్ల ఒకరోజు వరండాలో మొహం ముడుచుకుని కూర్చుంటే హాజరమ్మ దగ్గరికి పిలిచింది.

"నీ తొమ్మిదీ లేకపోతే మన బడి మూసేసేవాళ్లే తెలుసా?"

లెక్క ప్రకారం అది పచ్చి అబద్ధం. హాజరమ్మకీ తెలుసు. ఆ పిల్ల మాత్రం కళ్లింత చేసుకుంది.

"తొమ్మిది కాదండీ, పదకొండు. గుణకారం సరిగ్గానే చేశాను, టీచరు చూసుకోలేదు. పేపరు తీయండి, చూపిస్తా."

హాజరమ్మ కళ్లజోడు సర్దుకుని పేపరు కోసం బీరువా తాళాలు తీసింది.