పక్క ఊరి జెర్సీ

అమెరికాలో, ఇర్వింగ్‌లో ఎమ్మెస్ చదివేటప్పుడు నేనూ నా రూమ్మేటూ ఇటలీలోని ఓ చిన్న ఊరి ఫుట్‌బాల్ క్లబ్‌కి వీరాభిమానులం. ఎప్పుడో ఇటుకబట్టీ పనివాళ్లు మొదలుపెట్టిన ఆ క్లబ్ చరిత్ర మాకు కంఠతా వచ్చు. ఆదివారం పొద్దున్నే ఉప్మా తింటూ, ల్యాప్‌టాప్‌లో ఆగి ఆగి వచ్చే మ్యాచ్ చూసేవాళ్లం. పక్క ఊరి పసుపు జట్టంటే ఇద్దరికీ ఒళ్లు మంట.

ఒక శనివారం వార్త వచ్చింది. దివాలా తీసిన మా క్లబ్‌ను ఆ దొంగ ఓనరు పక్క ఊరి క్లబ్‌లోనే కలిపేశాడు. మా పేరూ పోయింది, మా ఎర్ర జెర్సీ రంగూ పోయింది. నాకు అన్నం సహించలేదు.

తెల్లారి రూమ్మేట్ పసుపు జెర్సీ వేసుకుని సోఫాలో కూర్చున్నాడు.

"లైట్ తీస్కో మామా, ప్లేయర్స్ మనోళ్లే కదా. సపోర్ట్ చేద్దాం," అన్నాడు.

ఓనరును తిట్టబోతూ వాడి జెర్సీ వైపు చూశాను. వార్త వచ్చింది నిన్న. వాడి జెర్సీ మాత్రం ఉతికి ఉతికి వెలిసిపోయి ఉంది.