గిడ్డంగి నుంచి ఇంగ్లండు దాకా

ఒక మాట ఎక్కడ పుట్టిందో చెప్పబోయి, చేరి వారమైనా కాని ఉద్యోగానికి నిండు సభలో నా నోటితోనే నిప్పంటించుకున్న వైనం ఇది. మొహమాటపడకుండా నవ్వండి. ఆరోజు హాలంతా నవ్వాక ఇక మీరెంత.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. ఎం.ఏ. ఇంగ్లీషు ముగించి సత్తెనపల్లిలో ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో చేరాను. కరస్పాండెంటు గారు మిర్చి వ్యాపారి. ముందు పొట్ట, దాని వెనక మీసాలు, ఆ తర్వాత ఆయన గదిలోకి వచ్చేవారు. పని నచ్చితేనే ఉంచుతానని ముందే చెప్పారు. ఆ వారంలోనే తల్లిదండ్రుల సమావేశం పెట్టి, వాళ్ళకి ఇంగ్లీషంటే భయం పోయేలా నాలుగు ముక్కలు చెప్పమన్నారు.

నాకప్పుడు పదాల పుట్టుక పిచ్చి. ఎవరైనా కాఫీ ఇస్తే, ఆ మాట అరబ్బుల దగ్గర్నుంచి ఎలా వచ్చిందో చెప్పి చల్లార్చిగానీ తాగేదాన్ని కాదు. మైకు దొరికితే ఊరుకుంటానా? గోడౌన్ అనే మాట ఇంగ్లీషువాళ్ళకి పోర్చుగీసువాళ్ళ ద్వారా, వాళ్ళకి మలయావాళ్ళ ద్వారా వచ్చిందనీ, మలయావాళ్ళకి మన గిడ్డంగి నుంచే వెళ్ళిందని కొందరు పండితులంటారనీ చెప్పాను. రైతులు తలలూపారు. అక్కడితో దిగిపోయి ఉంటే ఈపాటికి ప్రిన్సిపాల్నయ్యేదాన్ని.

“గిడ్డంగి ఉన్నచోట ఇంకోటి కూడా ఉంటుంది కదండీ. పందికొక్కు. ఇంగ్లీషులో బ్యాండికూట్. అది అచ్చంగా మన తెలుగు మాటే” అన్నాను.

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. నా పాండిత్యం పారుతోందనుకుని రెచ్చిపోయాను. దాని పొట్ట, దాని మీసాలు, బస్తాల మధ్య అది తిరిగే తీరు, అన్నీ అభినయించి చూపించాను. హాలు పొర్లిపొర్లి నవ్వింది. తెలుగు టీచరు షమీమ్ గారు వెనక నుంచి నా కొంగు లాగారు. టైమైపోయిందంటున్నారనుకుని, “ఒక్క నిమిషమండీ, తోక మిగిలింది” అన్నాను, మైకులోనే.

ఆవిడ మైకుని చేత్తో మూసి నా చెవిలో చెప్పారు. “టీచర్ గారూ, ఊళ్ళో మన కరస్పాండెంటు గారిని చాటుగా పిలిచే పేరే అదండీ.”

తోక చూపించడానికెత్తిన చెయ్యి దించేశాను.

కరస్పాండెంటు గారు మెల్లగా లేచొచ్చి మైకందుకున్నారు. నవ్విన వాళ్ళంతా ఒక్కసారిగా చేతుల్లో ఉన్న పిల్లల మార్కుల కార్డుల్లో మునిగిపోయారు.

“ఈ పేరు చానా ఏళ్ళనుంచి నా వెనకాల వింటన్నా. మొహాన అన్నది ఈ అమ్మాయొక్కతే. నేను మద్రాసు దాటి ఎరగను, నా పేరేమో ఇంగ్లండు దాకా పోయిందంట. సంతోషం.”

చప్పట్లు ఆగేదాకా ఉండి, ప్రిన్సిపాలు వైపు తిరిగారు.

“రేపట్నించి ఈమెకి లెక్కలివ్వండి. ఎక్కాల్లో ఎవరి పేర్లూ రావు.”

ఎం.ఏ. ఇంగ్లీషు చదివిన నేను ఆ ఏడాదంతా పిల్లలచేత పదమూడో ఎక్కం వల్లెవేయించాను. కనుక మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఊళ్ళో ఎవరిని చాటుగా ఏమంటారో ఇంటింటికీ తిరిగి కనుక్కోనిదే, ఏ మాట తాతముత్తాతల జోలికీ పోను.