నూలు కొట్టు ముందు నుంచి

నా చిన్నప్పుడు మంగళగిరిలో మా ఇంటి నుంచి బజారుకి వెళ్ళడానికి రెండు దారులుండేవి. ఒకటి తిన్నగా నూలు కొట్టు ముందు నుంచి పోయేది. రెండోది పశువుల దొడ్ల వెనక బురదలో చుట్టు తిరిగి పోయేది. ఒక ఏడాది మా ఇంటిల్లిపాదీ బురద దారి పట్టాం. దానికి కారణం మా చిన్నత్త చదువు.

చిన్నత్త అంటే మా నాన్న చెల్లెలు. మగ్గాల మీద బతికే మా వీధిలో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి ఆడపిల్ల. సర్కారు స్కాలర్‌షిప్ ఇస్తుందన్న ధైర్యంతోనే తాతయ్య ఆమెని పంపాడు. సీటు వచ్చింది, స్కాలర్‌షిప్ మంజూరైందన్న కబురూ వచ్చింది. డబ్బే రాలేదు. ఫీజు గడువు మీద పడేసరికి తాతయ్య నూలు కొట్టు షావుకారు దగ్గర అప్పు తెచ్చి కట్టాడు. స్కాలర్‌షిప్ చేతికందగానే ఇచ్చేస్తానని మాటిచ్చాడు. దసరాకి వస్తుందన్నారు, దీపావళికన్నారు, చలికాలం కూడా వెళ్ళిపోయింది.

వీధిలో వాళ్ళు ఊరుకుంటారా? ఆడపిల్లకి అప్పు చేసి చదువు చెప్పించడమేమిటని బుగ్గలు నొక్కుకున్నారు. తాతయ్య మగ్గం గుంటలోంచి తలెత్తడం మానేశాడు. నాన్న, నాలుగడుగుల్లోనే షావుకారు కొట్టు ఉన్నా, నూలు కోసం పక్క ఊరికి సైకిలు తొక్కేవాడు. నేను అసలే కుదురు లేని పిల్లని. ఇంట్లో ఎవరి మొహం చూసినా మాట లేకపోయేసరికి కాలు కాలిన పిల్లిలా తిరిగేదాన్ని. పోస్టుమాన్ సైకిలు గంట వినబడితే వీధి చివరిదాకా పరుగెత్తి, ఉత్త చేతులతో వెనక్కి వచ్చేదాన్ని.

ఇదంతా చూసి చూసి మా నాయనమ్మకి విసుగొచ్చింది. ఒక శుక్రవారం పొద్దున తలదువ్వుకుని, బొట్టు పెట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని నా చెయ్యి పట్టుకుంది. వీధిలో ఆ చివర నుంచి ఈ చివరకి సాగదీసిన పడుగు దారాల పక్కగా నడిపించుకుంటూ తిన్నగా నూలు కొట్టు ముందుకి తీసుకుపోయింది. కొట్టు నిండా జనం. నాకు పారిపోవాలనిపించింది.

“షావుకారు గారూ, మా పిల్ల డబ్బు ఇంకా రాలేదండీ. మేం మర్చిపోలేదు. ఆ మాట చెప్పి పోదామని వచ్చాను” అంది నాయనమ్మ. షావుకారు తలెత్తలేదు, నూలు చిలపలు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. మేం వెనక్కి తిరిగి వచ్చేశాం.

తర్వాతి శుక్రవారం మళ్ళీ వెళ్ళాం. ఆ తర్వాతా అంతే. ఒకసారి ఆయన బేరగాళ్ళందరి ముందూ, “మాటలు తక్కెట్లో వేస్తే డబ్బులవుతాయా మామ్మా?” అన్నాడు. పక్కనున్న వాళ్ళు నవ్వారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నాయనమ్మ మాత్రం, మళ్ళీ శుక్రవారం వస్తానండీ అని చెప్పి కదిలింది.

నాకు ఒళ్ళు మండిపోయేది. రావడమే అవమానమైతే మళ్ళీ దానికి వారమూ వర్జ్యమూనా? అదే అడిగితే నాయనమ్మ నవ్వింది. లక్ష్మి వెళ్ళిపోతుందని శుక్రవారం నాడు ఎవరూ గల్లాపెట్టెలోంచి అప్పు ఇవ్వరు కదా. ఆ రోజు వెళ్తే, మళ్ళీ చెయ్యి చాపడానికి వచ్చామన్న అనుమానం ఆయనకి రాదు. అదీ ఆమె ఎత్తు. “మనం దాక్కున్నామనుకో, ఆయన మనల్ని వెతుక్కోవాల. వెతికేవాడికి కోపం పెరుగుద్దే పిచ్చిమొహమా” అంది.

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. కొట్టు దగ్గరపడేకొద్దీ మా అరచేతులు తడిసి జారిపోయేవి. నాయనమ్మ రాయిలాంటి మనిషి, ఆమెకి భయమేమిటి? చెమట నాదేననుకుని, ఇంటికి రాగానే గౌనుకి తుడుచుకునేదాన్ని.

ఎండలు మొదలయ్యాక ఒక సాయంత్రం చిన్నత్త ట్రంకు పెట్టెతో బస్సు దిగింది. హాస్టల్ మెస్సు బకాయి కట్టకపోతే ఆఖరి పరీక్షలకి కూర్చోనివ్వమన్నారట. పాత బాకీయే తీరలేదు, కొత్తది ఎవరినడుగుతాం? పెట్టె మంచం కిందికి తోసి, ఏమీ జరగనట్టు రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టడం మొదలెట్టింది. రాట్నం ఆగకుండా తిరుగుతూనే ఉంది. ఆ చప్పుడు ఇప్పటికీ నాకు పడదు.

ఆ వారమే నాయనమ్మకి జ్వరం తగిలింది. శుక్రవారం వచ్చింది. ఎవరూ కదల్లేదు. గుమ్మంలోకి పోయాను, వచ్చాను, మళ్ళీ పోయాను. ఇక ఉండబట్టలేక ఒక్కదాన్నే బయల్దేరాను. చిత్రంగా ఆ రోజు నా అరచెయ్యి పొడిగానే ఉంది. కొట్టు ముందు నిలబడి నాయనమ్మ మాటలే అప్పజెప్పాను.

షావుకారు మొదటిసారి తలెత్తి, మామ్మ ఏదే అన్నాడు. జ్వరమన్నాను. అంతటితో వచ్చేయొచ్చు, కానీ నా నోరు ఊరుకోదు. చిన్నత్త పెట్టె తెచ్చేసుకుందనీ, మెస్సు డబ్బులు లేవనీ, ఇక పరీక్ష రాయదనీ గడగడా చెప్పేశాను. “మగ్గం మీద సగం నేసిన పడుగుని కోసి పారేస్తారా ఎవరన్నా? బుద్ధుండక్కర్లా?” అని కసిరాడు. ఒకటే పరుగున ఇంటికొచ్చి పడ్డాను.

మర్నాడు పొద్దున్నే, కొట్టు ఇంకా తెరవకముందే, ఆయన మా గుమ్మంలో ఉన్నాడు. బాకీ నిలదీయడానికే వచ్చాడనుకున్నాం. తాతయ్య మగ్గం గుంటలోంచి లేవలేక లేచాడు. నా వల్లే ఇదంతా అని నేను తలుపు వెనక నక్కాను. ఆయన ఎవరి వైపూ చూడకుండా నాయనమ్మ మంచం దగ్గరికి వెళ్ళి నోట్లు దిండు పక్కన పెట్టాడు.

“నిన్న శుక్రవారం, ఇవ్వకూడదు. అందుకని ఇవాళొచ్చాను. పాతది పాతదే, ఇది కొత్తది. ఊళ్ళో నాకు బాకీ ఉన్నోళ్ళు బోలెడుమంది. కొట్టు ముందు నుంచి నడిచేది మీరొక్కరే మామ్మా” అన్నాడు. మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయాడు.

చిన్నత్త మధ్యాహ్నం బస్సుకే వెళ్ళి పరీక్షలు రాసింది. స్కాలర్‌షిప్ ఆ పరీక్షలన్నీ అయిపోయాక వచ్చింది, చేతులు కాలాక ఆకులన్నట్టు. ఆమె హనుమాన్ జంక్షన్ దగ్గర బళ్ళో టీచరుగా చేరి, మిగిలిన బాకీ తన జీతంతో తీర్చింది. తీరేదాకా నాయనమ్మ శుక్రవారాలు మానలేదు.

ఇప్పుడు నేను గుణదలలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మా మనవరాలు ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పీజీ చదువుతోంది. పోయిన నెలంతా పిల్ల వాలకం బాగాలేదు. ఫోను మోగితే బోర్లా పెట్టేస్తుంది, అన్నం కెలికి లేచిపోతుంది. నాలుగు రోజులు వెంటపడితే అసలు సంగతి బయటపెట్టింది. సర్కారు కట్టాల్సిన ఫీజు డబ్బులు ఇంకా పడలేదట. బకాయి సంగతి తేలితేగానీ హాల్ టికెట్ ఇవ్వరట. ఫీజుల సెక్షన్ మెయిన్ గేటు పక్కనే ఉందని, ఇన్నాళ్ళూ వెనక గేటు నుంచి వెళ్ళొస్తోందట. రెండు రోజులుగా అదీ మానేసిందట.

నాకు చాలా కోపం వచ్చింది, పిల్ల మీద కాదు. మా చిన్నత్త జుట్టు నెరిసి, ఆమె శిష్యుల జుట్టూ నెరిసినా, ఈ డబ్బు మాత్రం వేళకి రావడం నేర్చుకోలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని పిల్లని బస్సెక్కించాను.

యూనివర్సిటీ దగ్గర దిగగానే దాని కాళ్ళు అలవాటుగా వెనక గేటు వైపు తిరిగాయి. చెయ్యి పట్టుకుని ఆపాను. ఫీజుల సెక్షన్ కిటికీ వెనక కూర్చునే ఆయన షావుకారు కాదు, రేపు పొద్దున లేచి మా గుమ్మంలోకి రాడు. నాకా మాత్రం తెలుసు. అయినా, డబ్బు ఇంకా పడలేదండీ, మేం మర్చిపోలేదు, ఈ పిల్లని పరీక్ష రాయనివ్వండి అని చెప్పాలి. ఇవాళ వినకపోతే మళ్ళీ వచ్చి చెప్పాలి.

“అమ్మమ్మా, నీ చెయ్యేంటి ఇట్టా చెమట పట్టింది?” అంది పిల్ల.

నడుస్తున్నదాన్ని ఆగిపోయాను. ఒక్కదాన్నే వెళ్ళిన ఆ శుక్రవారం నా చెయ్యి పొడిగానే ఉంది. తక్కిన శుక్రవారాల చెమటంతా నాయనమ్మది. చెయ్యి తుడుచుకోవాలనిపించలేదు. దాని చెయ్యి ఇంకాస్త బిగించి పట్టుకుని మెయిన్ గేటు వైపు నడిచాను.