సీలు మీద కుంకుమ

మొదటి షిఫ్టు ఆరింటికి. అందుకే పుట్టమ్మ నాలుగున్నరకే లేచి పొయ్యి వెలిగించేది. సంగటి కెలికి, ఊరిబిండి పచ్చడి నూరి, క్యారియర్ మూత బిగించేసరికి మొగుడు సంజీవప్ప వాకిట్లో సైకిలు టైర్లు నొక్కి చూసుకుంటూ ఉండేవాడు. మొదట హిందూపురం నూలు మిల్లుకు, ఆ తర్వాత పెనుకొండ ఫ్యాక్టరీకి, ఇరవై ఏళ్లు అట్లాగే నడిచింది. ఇప్పుడు ఎండ గడప దాటి లోపలికొచ్చాక లేస్తోంది. లేచినా పొయ్యి ముందు ఊరికే కూర్చుంటోంది.

సంజీవప్ప మిల్లులో చేరింది ఊడ్చే పనికి. చదువు ఏడో తరగతి. నూలు వడికే మిషను ఎక్కడ అదిరినా చెవితోనే కనిపెట్టేవాడు. అది చూసి 1991లో మిల్లువాళ్లు అతన్ని కోయంబత్తూరుకు ఆరు నెలల ట్రైనింగుకు పంపారు. తిరిగొచ్చిన రోజు సంచిలోంచి మందపాటి కాగితం తీసి చూపించాడు. పైన ఇంగ్లీషు రాతలు, కింద గుండ్రటి నీలం సీలు, దాన్ని ఆనుకొని నంబరు.

"ఇంగ నేను ఫిట్టరు పుట్టా. ఈ కాగితముంటే యాడికి పోయినా పనిస్తారు."

ఆమె దాన్ని ట్రంకుపెట్టెలో పెళ్లిచీర మడతల మధ్య దాచింది. ఏటా ఆయుధపూజకు స్పానర్లు, సుత్తి కడిగి పీట మీద పెట్టేటప్పుడు ఆ కాగితాన్నీ పక్కనే పెట్టేది. నాలుగు మూలలా తడిపసుపు రాసేది. రాతల మీద పడితే చెడిపోతాయని కుంకుమ మాత్రం సీలు మీద పెట్టేది. సీలు చదివేది కాదు కదా, గుండ్రంగా ఉంది, బొట్టుకు చోటు అదే అనుకుంది. సంజీవప్ప కూడా చూసి దండం పెట్టుకునేవాడు. ఎనిమిదేళ్లలో ఎనిమిది బొట్లు.

1999లో మిల్లు మూతపడింది.

ముందు ధర్మవరం పోయాడు. "ఈడ పట్టు నేసేటోళ్లు కావల్లప్పా, నీ మిషను పని మాకెందుకు" అని తిప్పి పంపారు. అంతలో పెనుకొండ దగ్గర కొత్త దారం ఫ్యాక్టరీకి ఫిట్టర్లు కావాలని తెలిసింది. కండెలు చుట్టే పనికి ఆడవాళ్లను తీసుకుంటారేమోనని పుట్టమ్మా వెంట వెళ్లింది.

మేనేజరు తిరుపాల్ కాగితాన్ని కిటికీ వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఏమప్పా, ఇది సర్టిఫికెట్టా, పెండ్లి పత్రికా?"

గుమాస్తాలు నవ్వారు. సంజీవప్ప కూడా నవ్వబోయి ఆగిపోయాడు.

"సీలు యాడ? నంబరు యాడ? అంతా ఎర్రగా ఊరిపోయుండాది."

"పూజలో పెట్టినాం సార్. మిషను చూపించండి, చేసి చూపిస్తా."

"చేస్తావులే, మనిషిని చూస్తేనే తెలుస్తాంది. తనిఖీకి వచ్చినోళ్లకు నీ చేతులు చూపించల్లా నేను? మిల్లు నుంచి ఇంగొకటి తెచ్చుకో పో."

మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ దేవసహాయం ఒక్కడే ఉన్నాడు. "కాగితాలన్నీ చెదలు పట్టిపాయ. బస్తాలకెత్తి కాల్చేసిరన్నా" అన్నాడు. కోయంబత్తూరుకు రెండు ఉత్తరాలు రాయించారు. జవాబు రాలేదు.

ఆఖరికి అదే ఫ్యాక్టరీలో సంజీవప్ప హెల్పరుగా చేరాడు. దూది బేళ్లు మోసే పని. చేరిన రోజు సాయంత్రం పుట్టమ్మ అన్నం ముందు పెట్టి, "తిట్టేదుంటే తిట్టు" అంది.

"పక్కనే ఉంటి కదే. నేనూ మొక్కితి." అంతే అన్నాడు. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేది.

ఫ్యాక్టరీలో ఫిట్టరు వేణు. సర్టిఫికెట్టు ఉంది, మంచివాడు, మిషనంటే భయం. మేనేజరు అటు పోగానే "అన్నా, ఈ మిషను ఎందుకు అదురుతాందో చూడన్నా" అని పిలిచేవాడు. సంజీవప్ప బేలు దించి, మిషను కింద దూరి బాగుచేసి, మళ్లీ బేలు భుజానికెత్తుకునేవాడు. పుస్తకంలో వేణు చేసినట్టు రాసేవారు. అట్లా నాలుగేళ్లు. 2003 ఎండాకాలంలో ఒకరోజు బేలు కిందే కూలబడ్డాడు. జీపు హిందూపురం చేరకముందే ప్రాణం పోయింది.

పెద్దదినం అయ్యాక వేణు ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చోకుండా నిలబడే చెప్పాడు.

"వదినా, యూనిఫారాలు రెండూ ఉతికి ఆఫీసులో అప్పజెప్పల్లంట. తిరుపాల్ సారు చెప్పమన్నాడు."

ఒకటి ఉతికి మడత పెట్టే ఉంది. రెండోది ఆ రోజు ఒంటి మీది నుంచి తీసి పెట్టిన సంచిలోనే ఉంది. పుట్టమ్మ నానబెట్టడానికి బకెట్టులో నీళ్లు పోసి, సంచి విప్పింది. చొక్కా చేతుల నుంచి రొమ్ము దాకా నల్లటి గ్రీజు.

"ఆ పొద్దు గూడా మిషను కింద దూరినాడా?"

వేణు తల వంచుకున్నాడు. "నాలుగో మిషను నిలబడిపాయ వదినా. నాకు చాతగాలే. అన్ననే పిలిస్తి. గంటసేపు దాని కిందే ఉన్యాడు. నడిపించి, మళ్లా బేళ్ల కాడికి పాయ."

వేణు సబ్బు వైపు చూసి, "నేను ఉతుకుదునా?" అన్నాడు.

"వద్దు."

గ్రీజు పైకి కనిపించేట్టు చొక్కా మడిచి అతని చేతిలో పెట్టింది.

"హెల్పరు చొక్కాకు ఇదెట్ల అంటిందని అడిగితే, ఇప్పుడు నాకు చెప్పిన మాటే ఆడ చెప్పు."